రెండో పుస్తకం ముందు చదివినదాన్ని చెప్తున్నా

మీ ప్రశ్న ఇదీ: మీ అబ్బాయి ఎనిమిదో తరగతి. 'హంగర్ గేమ్స్' మొదటి పుస్తకం మూడు రోజుల్లో ఊదేసి, రెండోది కొనమని ప్రాణం తీస్తున్నాడు. ఏటా ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి చీటీలు తీసి పిల్లల్ని పట్టుకెళ్లి, ఒక్కరు మిగిలేదాకా ఒకర్నొకరు చంపుకునే ఆట ప్రభుత్వమే ఆడించే కథ అది. ఇలాంటి టీనేజ్ డిస్టోపియా సిరీస్‌లలో, అంటే జనాన్ని అణిచేసే రేపటి చెడ్డ లోకాల కథల్లో, మొదటిది బాగుంటుంది, రెండోది తేలిపోతుంది అని మీకెవరో చెప్పారు. డబ్బులు పెట్టొచ్చా అని అడిగారు.

ఆ సిరీస్ వరకూ అయితే కళ్లు మూసుకుని కొనేయండి. మిగతావాటి సంగతి ఒక్కోదానిదీ ఒక్కో రకం. ఎందుకో చెప్పాలంటే కథలో ముడులు కొన్ని విప్పక తప్పదు. అందుకని ఈ జవాబు మీరు చదవండి, మీవాడికి మాత్రం చూపించకండి.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. నేను రెండో పుస్తకం 'క్యాచింగ్ ఫైర్'ని మొదటిదానికంటే ముందు చదివాను. కావాలని కాదు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వైజాగ్ మీద పడిన ఆదివారం. అప్పటికి నేను ఇంటర్ సెకండియర్, ఇల్లు పెదవాల్తేరులో. దసరా సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు, తిరిగి వెళ్తూ మొదటి పుస్తకం రైల్లో చదువుకోడానికి పట్టుకుపోయి, రెండోది మా బీరువా మీద వదిలేశాడు. తుఫాను వెళ్లిపోయాక కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, కాలేజీ లేదు. ఇంట్లో నేను చదవని పుస్తకం అదొక్కటే. ఫిజిక్స్ టెక్స్ట్‌బుక్ కూడా చదవలేదు కానీ, అది లెక్కలోకి రాదు.

కొవ్వొత్తులు దొరకడం లేదు. ఇంట్లో రాత్రికి రెండు వెలిగించేవాళ్లం, ఒకటి వంటింట్లో, ఒకటి హాల్లో. అమ్మ ఉల్లిపాయలు కోస్తుంటే వంటింటి గట్టు పక్కన స్టూల్ వేసుకుని కూర్చునేదాన్ని. మా అమ్మమ్మ రోజూ ఒకటే పాట: "ఏటే, ఆ గుడ్డి దీపం కాడ ఏటి చదువుతున్నావ్, కళ్లు పోతాయి." ఒక రాత్రి పేజీ తిప్పబోతే మైనం చుక్క కాగితం మీద పడింది. పడినచోట కాగితం అద్దంలా అయిపోయి వెనకవైపు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. ఆ పేజీలో ప్రెసిడెంట్ స్నో, కథ హీరోయిన్ కాట్నిస్ ఇంటికొచ్చి చదువుకునే గదిలో కూర్చుని ఉంటాడు. దేశాన్నంతా గడగడలాడించే మనిషి ముందు కబురైనా లేకుండా వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఊపిరిలో గులాబీల వాసన, రక్తం వాసన కలిసి కొడుతుంటే, ఆ పిల్ల మర్యాదగా సమాధానం చెప్పాలి.

ఆమె ఏ ఆట గెలిచిందో, ఎలా గెలిచిందో అప్పటికి నాకు సరిగా తెలియదు. ఆ గెలుపే ఆమె మెడకి చుట్టుకుందని మాత్రం ఆ రెండు మూడు పేజీల్లోనే అర్థమైపోయింది. ఆ తర్వాత విజయయాత్ర. పదకొండో డిస్ట్రిక్ట్‌లో, ముందటి ఆటలో చచ్చిపోయిన చిన్నపిల్ల రూ కుటుంబం ఎదురుగా నిలబడి కాట్నిస్ నాలుగు మంచి మాటలు చెబుతుంది. అంతే, ఇంకేం చెయ్యదు. జనంలోంచి ఒక ముసలాయన రూ పాడే నాలుగు స్వరాల ఈల వేస్తాడు. గుంపంతా మూడు వేళ్లు పైకెత్తుతారు. కాసేపటికి ఆ ముసలాయన్ని మెట్ల మీదకి ఈడ్చుకొచ్చి తలలో కాలుస్తారు. మొదటి పుస్తకం చదవని నాకే గొంతు పట్టేసింది. మంచి మాట చెప్పినందుకు ఒక మనిషి పోయాడు. ఇక ఈ అమ్మాయి ఏం మాట్లాడగలదు?

ఈ పుస్తకం నిలబడ్డది ఇక్కడే అని నా అభిప్రాయం. పిల్లలందరూ ఎదురుచూసే అరీనా, అంటే ఆ ఆట జరిగే చోటు ఉంది చూడండి, అందులో కాట్నిస్ అడుగుపెట్టేసరికి పుస్తకంలో మూడింట రెండు వంతులు అయిపోతుంది. అయినా ఎక్కడా ల్యాగ్ అనిపించదు. మొదటి పుస్తకంలో ఆమె చేసిన తెలివైన పనికి బిల్లు కట్టడమే ఇక్కడ కథ మొత్తం. 75వ పోటీకి కొత్త పిల్లల్ని కాకుండా పాత విజేతల్లోంచే చీటీలు తీస్తామంటారు. పన్నెండో డిస్ట్రిక్ట్‌లో బతికున్న మహిళా విజేత ఒక్కతే. అంటే గాజు గిన్నెలో ఉండేది ఒకటే చీటీ. చీటీ తియ్యడమనే తంతు మళ్లీ మనకి చూపిస్తున్నారు, కానీ ఈసారి దాని అర్థం తలకిందులైపోయింది. పాత సీన్‌నే మళ్లీ రాసి కొత్త భయం పుట్టించడం మాటలు కాదు.

ఇంకోటి. తుఫాను రోజు గురించి మా ఊళ్లో ఎవరినడిగినా గంటసేపు చెప్తారు. గాలి ఎలా ఊళపెట్టిందో, ఎవరి రేకులు ఎవరి డాబా మీద పడ్డాయో, కైలాసగిరి ఎలా బోడి అయిపోయిందో. ఆ తర్వాతి పది రోజుల గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. బిందెలు పట్టుకుని బోరింగు దగ్గర లైను, పాల ప్యాకెట్ కోసం తగువులు, ఆకు లేని చెట్ల కింద ఎండ. నాకు మాత్రం ఆ పది రోజులే ఎక్కువ గుర్తు. ఆ పుస్తకం అంతగా పట్టుకోడానికి అదీ ఒక కారణమేమో. నేను తుఫాను తర్వాత కూర్చుని, ఒక తుఫాను తర్వాతి కథ చదువుతున్నాను.

మొదటి పుస్తకం సంక్రాంతికి దొరికింది. నిజం చెప్పాలంటే కాస్త నిరాశపడ్డాను! నేరం పుస్తకానిది కాదు. డిస్ట్రిక్ట్‌లు, చీటీలు, స్పాన్సర్లు, ఆ లోకం రూల్సన్నీ నాకు ముందే తెలిసిపోయాయి. మొదటి భాగంలో సగం మజా ఆ రూల్స్ ఒక్కొక్కటీ తెలుసుకోవడంలోనే ఉంటుందని అప్పుడు అర్థమైంది. ఆ మజా రెండోసారి ఎవరూ ఇవ్వలేరు. మనం మాత్రం రెండో పుస్తకం తెరిచేటప్పుడు అదే కావాలంటాం. మీకు చెప్పినవాళ్ల నిరాశలో సగం ఇదే అయ్యుంటుంది.

హడావుడిగా రాస్తారు కాబట్టి రెండోది పాడవుతుందని కొందరంటారు. నాకు నమ్మకం లేదు. 'హంగర్ గేమ్స్' 2008లో వస్తే 'క్యాచింగ్ ఫైర్' 2009లో వచ్చేసింది. 'డైవర్జెంట్' 2011, దాని రెండో భాగం 'ఇన్సర్జెంట్' 2012. రెండింటికీ వ్యవధి ఒకటే, ఫలితమే వేరు.

'ఇన్సర్జెంట్' నేను పాత పుస్తకాల షాపులో కొన్నాను, రెండు భాగాలూ కలిపి. ఇంటికొచ్చాక పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాని వెన్ను నిండా తెల్లటి మడతలు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా. రెండోదానికి మడతలు పావు వంతు దాకానే ఉన్నాయి, అక్కడ ఒక ఆర్టీసీ బస్ టికెట్ అడ్డం పెట్టి ఉంది. ఆ పాఠకుడెవరో గాని, ఎందుకు దిగిపోయాడో నాకు తెలుసు. కథ మొదటి భాగం ఆగిన చోటే మొదలైపోతుంది, వెనక జరిగింది పెద్దగా గుర్తుచెయ్యదు. మన వారపత్రిక సీరియల్‌కి పైన 'జరిగిన కథ' అని నాలుగు లైన్లు వేసేవాళ్లు చూడండి, అది లేక ప్రాణం పోతుంది. జనాన్ని ఐదు వర్గాలుగా విడగొట్టిన లోకం అది. ఎవరు ఏ వర్గం, ఎవరు ఎవరికి ఏమవుతారు అని తడుముకునేలోపే ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి పరుగు. ఐదు వర్గాలనీ చుట్టి చూపించాలని కంకణం కట్టుకున్నట్టుంటుంది.

అలాగని పుస్తకం మొత్తం దండగ అనను. మొదటి భాగం చివర్లో హీరోయిన్ ట్రిస్ తన స్నేహితుడు విల్‌ని కాల్చేస్తుంది. వాడు తన అదుపులో లేడు, కాల్చకపోతే తను పోతుంది. రెండో పుస్తకంలో ఆమె తుపాకీ చేత్తో పట్టుకోలేదు. ఆ సంగతి విల్‌ని ప్రేమించిన క్రిస్టినాకి చెప్పుకోలేదు. చివరికి నిజం చెప్పించే మందు ఎక్కించి అందరి ముందూ అడిగితే బయటపడుతుంది. ఆ సన్నివేశం రచయిత్రి బాగా రాసింది. మొత్తం పుస్తకం దాని చుట్టూ కట్టి ఉంటే ఆ బస్ టికెట్ అంత ముందే ఆగేది కాదు.

'మేజ్ రన్నర్' రెండో భాగం 'స్కార్చ్ ట్రయల్స్' దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. మా అక్క కూతురు తొమ్మిదో తరగతి, ఈ సిరీస్‌లన్నీ ఇప్పుడు దానితో కలిసి మళ్లీ చదువుతున్నాను. మొదటి భాగంలో ఒక సంస్థ కుర్రాళ్లని గోడల చిక్కుదారి మధ్య పడేస్తుంది. ఆ గోడలు, తలుపులు మూసుకునే వేళ, రాత్రి బయట ఉంటే చావు, అన్నీ కచ్చితమైన లెక్కలు. రెండో భాగంలో ఆ గోడలే లేవు. ఎడారి, రెండు వారాల గడువు, 100 మైళ్ల నడక. దారిలో ఎప్పుడేం ఊడిపడుతుందో తెలియదు, అంతా ఆ సంస్థ పెట్టే పరీక్షే అంటారు. ఏదైనా జరగొచ్చు అన్నప్పుడు నాకు దేనికీ టెన్షన్ రాదు అన్నాను. అది ఒప్పుకోలేదు. "మా స్కూల్లో ఎప్పుడు ఏ టెస్ట్ పెడతారో, ఎందుకు పెడతారో ఎవరైనా చెప్తున్నారా పిన్నీ? ఇదే కరెక్ట్" అంది. నా దగ్గర జవాబు లేదు. దానికి ఆ సిరీస్‌లో రెండోదే ఇష్టం. మీవాడికీ అలాగే అనిపించొచ్చు, పెద్దవాళ్ల రేటింగులు మరీ నెత్తిన పెట్టుకోకండి.

కొన్ని గబగబా చెప్పేస్తా. 'అగ్లీస్', దాని రెండో భాగం 'ప్రెట్టీస్' రెండూ 2005లోనే వచ్చాయి. రెండోది మొదలయ్యేసరికే హీరోయిన్‌కి ఆపరేషన్ చేసి అందగత్తెని చేసేసి ఉంటారు, దాంతో బుర్ర కూడా మొద్దుబారుతుంది, మొదటి భాగంలో నేర్చుకున్నది మర్చిపోతుంది. ఆలోచన భలే ఉంది, కానీ మనకి తెలిసిందే ఆమె మళ్లీ తెలుసుకునేదాకా ఓపిక పట్టాలి. 'ది గివర్' 1993లో వస్తే 2000లో 'గ్యాదరింగ్ బ్లూ' వచ్చింది. ఊరు వేరు, పిల్ల వేరు. మొదటి పుస్తకం కుర్రాడు ఏమయ్యాడో తెలుస్తుందని కొంటే మాత్రం తిట్టుకుంటారు. విడిగా చదివితే మంచి పుస్తకం.

అన్నిటికంటే గొప్ప రెండో పుస్తకం ఏదంటే, నా ఓటు 'ది ఆస్క్ అండ్ ది ఆన్సర్'కి. 'కేయాస్ వాకింగ్' సిరీస్‌లో రెండోది, 2009లో వచ్చింది, ఆ ఏడాది బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకి ఇచ్చిన కోస్టా బహుమతి కూడా దానికే. మగవాళ్ల మనసులో మాటలన్నీ అందరికీ వినిపించే లోకం అది. మొదటి భాగమంతా టాడ్ అనే కుర్రాడు, వయోలా అనే అమ్మాయి పారిపోతూనే ఉంటారు. రెండో భాగంలో పరుగు ఆగిపోతుంది. ఇద్దర్నీ విడదీసి చెరో పక్క పెడతారు, ఒక్కో అధ్యాయం ఒక్కరు చెబుతారు. ఊరి మేయర్ టాడ్‌ని ఒక పనిలో పెడతాడు: ఆ గ్రహం మీద మనుషులకంటే ముందున్న స్పాకుల్ అనే జీవుల చేతులకి నంబర్లు వేసిన లోహపు కడియాలు బిగించే పని. ఒకసారి బిగిస్తే ఊడదు. మొదటిరోజు చేతులు వణుకుతాయి. కొన్నాళ్లకి వాడికి పని అలవాటైపోతుంది, మనకి వాడి మీద భయం మొదలవుతుంది. మొదటి పుస్తకంలో మనం వాడి పక్షాన ఉన్నాం కదా, ఇప్పుడు ఎటు ఉండాలి? అటు వయోలా చేరిన వాళ్లేమో బాంబులు పెడుతున్నారు. మీవాడు ఇంకో రెండేళ్లు పెరిగాక ఇవ్వండి. ఇందులో చిత్రహింసలు చాలా ఉన్నాయి.

'క్యాచింగ్ ఫైర్'లో కూడా కాట్నిస్ స్నేహితుణ్ణి స్తంభానికి కట్టి కొరడాతో కొట్టే ఘట్టం ఉంది. మొదటిది తట్టుకున్నవాడు దీన్నీ తట్టుకుంటాడు, కానీ ఆ రాత్రి మీరు పక్కన ఉంటే మంచిది. మొదటిది చదివి ఆర్నెల్లు దాటితే మళ్లీ ఒకసారి తిరగేయమనండి.

కొంటే మాత్రం మూడోది 'మాకింగ్‌జే' కూడా కలిపే కొనండి. నేను రెండోది ముగించింది రాత్రి తొమ్మిదింటికి, కొవ్వొత్తి అడుగంటుతుండగా. పన్నెండో డిస్ట్రిక్ట్ ఇక లేదు అని కాట్నిస్‌కి చెప్పడంతో పుస్తకం అయిపోతుంది. ఆమె ఊరు లేదు! మూడోది ఇంట్లో లేదు, షాపులు తెరవలేదు, అన్నయ్యకి ఫోన్ కలవదు. నాలుగు రోజుల తర్వాత మా వీధికి కరెంటు వచ్చింది. అందరూ డాబాలెక్కి ఒకటే కేకలు. ఫోన్ ఛార్జింగ్ పెట్టి, సిగ్నల్ గీత ఒకటి కనబడగానే హైదరాబాద్ చేశాను. అవతల పెద్దమ్మ ఏడుపు గొంతుతో "ఎలా ఉన్నారే అందరూ" అంటోంది. "బాగానే ఉన్నాం పెద్దమ్మా, అన్నయ్యకివ్వు ఒకసారి, మూడో పుస్తకం వాడి దగ్గరుందా?" అన్నాను. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది.