క్రూజ్ బిల్లులో రోజువారీ టిప్పు: ఎవరికెంత చేరుతుంది?

క్రూజ్ ప్రయాణాల గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. గది ఖాతాలో రోజూ తలకింత అని దానంతటదే పడే టిప్పు అది. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఏడు రాత్రుల క్రూజ్‌కి పిల్లలిద్దరితో కలిసి నలుగురం వెళ్లాం. టికెట్ డబ్బు మొత్తం ముందే కట్టేశాం. అయినా ఓడలో తలకు రోజుకు 16 డాలర్ల చొప్పున 'గ్రాట్యుటీ' (టిప్పు) అని 448 డాలర్లు వేశారు. ఇది సరైన లెక్కేనా?

జవాబు: సరైనదే. నలుగురు, ఏడు రాత్రులు, రోజుకు 16 డాలర్లు కలిపితే 448. చాలా కంపెనీల్లో టికెట్ ధరలో ఇది కలిసి ఉండదు. కొన్ని కంపెనీలు దీన్ని డైలీ సర్వీస్ ఛార్జీ అంటాయి, కొన్ని క్రూ అప్రిసియేషన్ అంటాయి. పేరేదైనా పద్ధతి ఒకటే. అమెరికా ప్రయాణికుల మీద నడిచే పెద్ద కంపెనీల్లో మామూలు గదికి తలకు రోజుకు దాదాపు 16 నుంచి 20 డాలర్లు, సూట్లకు (పెద్ద, ఖరీదైన గదులకు) 18 నుంచి 25 డాలర్ల దాకా ఉంటోంది.

ఒకే గదిలో మూడో, నాలుగో మనిషికి టికెట్ చవగ్గా ఇస్తారు గానీ టిప్పు మాత్రం తగ్గించరు. పిల్లల విషయంలో కంపెనీకో పద్ధతి ఉంది. కార్నివాల్ కంపెనీ రెండేళ్ల లోపు పిల్లలకు వేయదు. కొన్నిచోట్ల చిన్నపిల్లలకు సగం రేటు, మరికొన్నిచోట్ల పెద్దలతో సమానం.

బిల్లు చేతికి రాగానే రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, రాత్రుల లెక్క. ఏడు రాత్రుల యాత్ర క్యాలెండర్‌లో ఎనిమిది తేదీల్లో పడుతుంది కానీ ఛార్జీ ఏడింటికే ఉండాలి. రెండు, గది తరగతి. మీరు పైతరగతి గదికి మారితే రేటూ మారుతుంది. మారకపోయినా సూట్ రేటు పడితే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్లో అక్కడికక్కడే సరిచేస్తారు.

ప్రశ్న: ఆ డబ్బు మా గది శుభ్రం చేసే అతనికీ, మాకు వడ్డించిన వెయిటర్‌కీ నేరుగా వెళ్తుందా? లేక అందరికీ కలిపి పంచుతారా?

జవాబు: రెండు పద్ధతులూ ఉన్నాయి. భోజనం ఏర్పాటు ఎలా ఉందన్నదాన్ని బట్టి పంపకం మారుతుంది.

ఒకప్పుడు ప్రయాణికులకు రోజూ ఒకే వేళ, ఒకే టేబుల్, ఒకే వెయిటర్. చివరి రాత్రి కవర్లలో డబ్బు పెట్టి ఎవరిది వాళ్ల చేతికి ఇచ్చేవారు. 2000లో నార్వేజియన్ క్రూజ్ లైన్ అనే కంపెనీ 'ఫ్రీస్టైల్' పేరుతో ఎప్పుడైనా, ఎక్కడైనా తినే ఏర్పాటు తెచ్చింది. ఈ రాత్రి ఒక రెస్టారెంట్, రేపు ఇంకొకటి అయ్యేసరికి వారానికి పదిమంది వెయిటర్లు మారతారు. కవరు ఎవరికివ్వాలి? దాంతో తలకింత అని ఖాతాలో వేసి పంచే పద్ధతి బలపడింది. హాలండ్ అమెరికా 2004లో, రాయల్ కరీబియన్ 2013లో ఆటోమేటిక్ పద్ధతికి మారాయి.

ఏ మనిషికెంతో పేర్కొని వేసే పద్ధతికి డిస్నీ మంచి ఉదాహరణ. అక్కడ రాత్రికి తలకు 12 డాలర్లు ఉన్న రోజుల్లో సర్వర్‌కు 4, అసిస్టెంట్ సర్వర్‌కు 3, హెడ్ సర్వర్‌కు 1, గది చూసే హోస్ట్‌కు 4 అని విడగొట్టి చెప్పేవారు. ఆ ఓడల్లో ప్రయాణికులు రెస్టారెంట్లు మారినా వాళ్ల వెయిటర్లు కూడా వెంటే మారతారు. కాబట్టి ఫలానా డాలరు ఫలానా మనిషిదని చెప్పడం సాధ్యమైంది.

మిగతా చాలాచోట్ల ఉమ్మడి నిధే. రోజువారీ ఛార్జీని ముందు రెండు మూడు వాటాలు చేస్తారు. ఒకటి భోజన విభాగానికి, ఒకటి గదుల విభాగానికి. మూడోది ప్రయాణికుల కంటపడకుండా పనిచేసే లాండ్రీ, వంటశాల సహాయకుల్లాంటి వాళ్లకు. ఆపైన విభాగం లోపల హోదాను బట్టి పంపకం జరుగుతుంది. దీనికి పాయింట్ల పద్ధతి బాగా వాడుకలో ఉంది. అర్థం కావడానికి మేం వేసిన ఊహా లెక్క ఒకటి చూడండి.

ఓడలో 3,000 మంది ప్రయాణికులు. భోజన విభాగం వాటా తలకు రాత్రికి 8 డాలర్లు అనుకుందాం. ఏడు రాత్రులకు 1,68,000 డాలర్లు. వెయిటర్లు 150 మంది, ఒక్కొక్కరికి 10 పాయింట్లు. అసిస్టెంట్ వెయిటర్లు 150 మంది, 7 పాయింట్లు. హెడ్ వెయిటర్లు 15 మంది, వాళ్లకు మూల జీతం ఎక్కువ కాబట్టి 8 పాయింట్లు. బఫే సిబ్బంది 80 మంది, 6 పాయింట్లు. గిన్నెలు కడిగేవాళ్లు 70 మంది, 3 పాయింట్లు. అన్నీ కలిపితే 3,360 పాయింట్లు. నిధిని దీంతో భాగిస్తే పాయింటుకు 50 డాలర్లు. అంటే ఆ వారం వెయిటర్‌కు 500, అసిస్టెంట్‌కు 350, గిన్నెలు కడిగేవాళ్లకు 150.

ఇప్పుడు నూటికి ఆరుగురు ప్రయాణికులు టిప్పు తీసేయించుకున్నారనుకోండి. నిధి 1,57,920కి పడిపోతుంది. పాయింటు విలువ 47 డాలర్లవుతుంది. వెయిటర్‌కు 30 డాలర్లు, గిన్నెలు కడిగేవాళ్లకు 9 డాలర్లు కోత. తీసేయించుకున్నవాళ్లకు వీళ్లలో చాలామంది ముఖాలే తెలియవు.

గదుల విభాగంలో కొన్ని కంపెనీలు వేరే దారి పడతాయి. అటెండెంట్‌కు అప్పగించిన గదుల్లో ఎంతమంది ఉన్నారో లెక్కించి ఆ వాటా అతనికీ, సహాయకుడుంటే ఇద్దరికీ కలిపి ఇస్తాయి. పదిహేను గదుల్లో ముప్పై మంది ఉంటే ఒక లెక్క. రెండు గదులు ఖాళీగా ఉండి, మూడింటిలో ఒంటరి ప్రయాణికులే ఉంటే ఇరవై మూడు మందికే లెక్క. ఇలాంటిచోట ఒక్క కుటుంబం తీసేయించుకున్నా దెబ్బ ఆ ఒక్క మనిషి మీదే పడుతుంది.

ప్రశ్న: ఇందులో కెప్టెన్‌కీ, ఇంజినీర్లకీ వాటా ఉంటుందా?

జవాబు: ఉండదు. డెక్, ఇంజిన్ విభాగాలకు పూర్తి జీతమే. కేసినో, దుకాణాలు, ఫోటోగ్రాఫర్లు, గాయకులు, నృత్య బృందాలు కూడా ఈ నిధి బయటే.

ప్రశ్న: రోజూ టిప్పు కడుతున్నప్పుడు బార్‌లో మళ్లీ 18 శాతం ఎందుకు?

జవాబు: బార్ సిబ్బందికి సాధారణంగా రోజువారీ నిధిలో వాటా ఉండదు. అందుకే ప్రతి డ్రింకు మీద 18 నుంచి 20 శాతం విడిగా వేస్తారు. డబ్బు చెల్లించి తినే ప్రత్యేక రెస్టారెంట్లలో, స్పాలో కూడా అంతే. స్పాను చాలా ఓడల్లో బయటి సంస్థ నడుపుతుంది.

డబ్బు ఎక్కువగా పోయేది రసీదు దగ్గర. 10 డాలర్ల డ్రింకుకు రసీదులో కింద 1.80 ముందే కలిపి 11.80 అని ఉంటుంది. దాని కింద 'అదనపు టిప్పు' అని ఇంకో ఖాళీ గీత ఉంటుంది. అది తప్పక నింపాల్సిందనుకుని చాలామంది మళ్లీ రెండు డాలర్లు రాస్తారు. ఆ గీత ఖాళీగా వదిలి సంతకం పెట్టడంలో తప్పేమీ లేదు. డ్రింక్స్ ప్యాకేజీ కొన్నప్పుడు ఈ శాతం ప్యాకేజీ ధర మీదే ఒకసారి తీసుకుంటారు, గ్లాసు గ్లాసుకూ పడదు. 'ఉచిత' డ్రింక్స్ ప్యాకేజీ అన్నా దాని అసలు ధర మీద సర్వీస్ ఛార్జీ కట్టమనే కంపెనీలున్నాయి. బుకింగ్ అప్పుడే ఆ మొత్తం చూసుకోండి.

ప్రశ్న: ఆటోమేటిక్ టిప్పు తీసేయించి, బాగా పనిచేసిన ఇద్దరు ముగ్గురికి నేరుగా చేతికిస్తే న్యాయం కదా?

జవాబు: ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం మీరనుకున్నట్టు రాదు. చాలా కంపెనీల్లో నియమం ఇదీ: ప్రయాణికుడు ఆటోమేటిక్ టిప్పును తీసేయించకుండా, దానిపైన చేతికిచ్చిన డబ్బు ఆ ఉద్యోగి సొంతం. తీసేయించి చేతికిస్తే, ఆ నోటును ఉద్యోగి ఉమ్మడి నిధిలో జమచేయాలి. మీరు అభిమానంగా ఇచ్చిన 40 డాలర్లలో అతనికి దక్కేది తన పాయింట్ల మేరకే. నేరుగా ఇవ్వాలనుకుంటే ఆటోమేటిక్ దాన్ని కదపకుండా పైన ఇవ్వండి. అప్పుడే అది పూర్తిగా అతని జేబులో పడుతుంది.

సేవ నిజంగా బాగాలేకపోతే యాత్ర మధ్యలోనే గెస్ట్ సర్వీసెస్‌కు వెళ్లి ఏం జరిగిందో చెప్పండి. ఏ రోజు, ఏ గది, ఏ రెస్టారెంట్ అని స్పష్టంగా చెబితే ముందు సమస్య సరిచేస్తారు. అప్పటికీ కుదరకపోతే మొత్తం తీసేయించకుండా తగ్గించమని అడగవచ్చు. కొన్ని కంపెనీలు ఓడ దిగాక ఈ మార్పు చేయవు, చివరి బిల్లు తయారయ్యేలోపే అడగాలి. కొన్ని యూరప్ కంపెనీల యాత్రల్లో ఇది తప్పనిసరి ఛార్జీ. అక్కడ తీసేసే వీలే ఉండదు కాబట్టి బుకింగ్ షరతులు చదువుకోవాలి.

ప్రశ్న: కంపెనీ ఇవ్వాల్సిన జీతాన్ని మా చేత కట్టిస్తోందన్న మాట నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే, దాన్ని దాచాల్సిన పనీ లేదు. ఎక్కువ కంపెనీల్లో వెయిటర్లకూ, గది అటెండెంట్లకూ మూల జీతం చిన్నది, రాబడిలో పెద్ద భాగం టిప్పుదే. కొన్ని ఒప్పందాల్లో 'నెలకు ఇంతకు తగ్గదు' అనే హామీ మొత్తం ఉంటుంది. టిప్పు దాన్ని అందుకోకపోతే తేడా కంపెనీ కడుతుంది. హామీకి పైన వచ్చే డబ్బులో ఎంత తరిగితే అంత సిబ్బందికే నష్టం.

ఇలా నడవడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. ఎక్కువ క్రూజ్ ఓడలు బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా లాంటి చోట్ల నమోదై అక్కడి జెండా మీద తిరుగుతాయి. విదేశీ జెండా ఓడల నావికులకు అమెరికా కనీస వేతన చట్టం వర్తించదు. హవాయి దీవుల్లో తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా మాత్రం అమెరికా జెండా ఓడ, దానికి వర్తిస్తుంది.

వసూలైనదంతా మనిషి చేతికే వెళ్తుందనీ అనుకోవద్దు. ఓడల సిబ్బంది సంక్షేమ కార్యక్రమాలకు కొంత భాగం వాడతామని నార్వేజియన్ తన షరతుల్లోనే చెబుతుంది. టికెట్ ధరలోనే అన్నీ కలిపేయడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూజెస్ 2019 మే నుంచి రోజువారీ టిప్పు ఎత్తేసింది. రీజెంట్, సిల్వర్‌సీ, సీబోర్న్ లాంటి ఖరీదైన కంపెనీలు టికెట్‌లోనే కలుపుతాయి. మా దృష్టిలో అదే సరైన పద్ధతి. నెలాఖరుకి ఉద్యోగి చేతికెంత వస్తుందన్నది ముక్కూమొహం తెలియని ప్రయాణికుడి మీద ఆధారపడకూడదు. అయితే ఆ కోపం మీ ఖాతాలో టిప్పు తీసేయించడం ద్వారా చూపిస్తే కంపెనీకి ఏమీ కాదు. కంపెనీకి రాయండి, టిప్పు టికెట్‌లో కలిపే కంపెనీని ఎంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి క్రూజ్ ఓడలో అసిస్టెంట్ వెయిటర్ ఉద్యోగం వచ్చింది. 'టిప్పులతో కలిపి' నెలకు ఇంత అని ఏజెంట్ చెబుతున్నాడు. సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ఆ 'టిప్పులతో కలిపి' అన్న మాటను రాతపూర్వకంగా విడగొట్టించండి. మూల జీతమెంత, హామీ మొత్తమెంత, టిప్పు వాటా ఏ లెక్కన, శిక్షణ కాలంలో వాటా తగ్గుతుందా, ఓడ ఖాళీగా మరమ్మతుకు వెళ్లిన రోజుల్లో ఏమిస్తారు. ఏజెంట్ చెప్పిన అంకె నిండు సీజన్‌లో, నిండిన ఓడలో వచ్చేది కావచ్చు. హామీ మొత్తాన్నే నికరమనుకుని ఇంటి లెక్కలు వేసుకోండి.

2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉన్న 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ (ఓడల్లో పనిచేసేవాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ ఒప్పందం) ఓడలోని హోటల్ సిబ్బందికీ వర్తిస్తుంది. ఓడలో ఏ హోదాలో పనిచేసినా నావికుడి కిందే లెక్క. దాని ప్రకారం జీతం నెలకొకసారికి తగ్గకుండా ఇవ్వాలి, ఏ పద్దు కింద ఎంతో చూపే వివరమివ్వాలి. ఏ 24 గంటల్లోనూ కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పది గంటలను రెండు ముక్కలకు మించి విడగొట్టకూడదు, అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గకూడదు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఏజెంట్ ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్టు లాంటి సొంత ప్రయాణ పత్రాలు, వైద్య ధ్రువపత్రం, నావికుల పుస్తకం ఖర్చులు మాత్రం అతనివే కావచ్చు. వీసా ఖర్చు మాత్రం ఓడ యజమానే భరించాలి. ఇవి కాక 'పోస్టింగ్ ఛార్జీ' అంటూ అడిగితే అక్కడే ఆగిపోండి.

ఓడలో చేరాక ప్రతి జీతపు చీటీనీ ఫోటో తీసి దాచుకోమనండి. టిప్పు వాటా ఉన్నట్టుండి తగ్గితే, ఆ యాత్రలో ఓడ ఎంత నిండిందో, తన పాయింట్లు మారాయో అడిగి తెలుసుకోవాలి. తేడా తేలకపోతే ఓడలోనే ఫిర్యాదు చేసే విధానం ఉండాలని కన్వెన్షన్ చెబుతోంది. దాని ప్రతిని ఒప్పందంతో పాటే ఇవ్వాలి.

ప్రశ్న: టిప్పు ముందే కట్టేయడం మంచిదా, ఓడ ఎక్కాక కట్టడమా?

జవాబు: మొత్తం ఒకటే. అయితే ముందే కడితే మధ్యలో రేటు పెంచినా సాధారణంగా పాత రేటే నిలుస్తుంది. ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి కంపెనీ ఇచ్చిన క్రెడిట్ మీ దగ్గరుంటే మాత్రం ముందు కట్టకండి, దాన్ని టిప్పుకే సర్దుకోవచ్చు. వాపసివ్వని క్రెడిట్ అయితే మరీ మంచిది, లేకుంటే చివరి రోజు అక్కర్లేని వస్తువులు కొని తీర్చాల్సి వస్తుంది.

ముందే కట్టినవాళ్లు రెండో రోజు ఖాతా తెరిచి చూడాలి. ట్రావెల్ ఏజెంట్ ద్వారా కట్టినప్పుడు ఆ సొమ్ము ఓడ ఖాతాలోకి ఎక్కక, మళ్లీ రోజువారీగా పడటం జరుగుతుంటుంది. ముందస్తు చెల్లింపు కనిపించే బుకింగ్ రసీదు వెంట ఉంచుకుని కౌంటర్లో చూపితే తీసేస్తారు. ఈ పని చివరి ఉదయానికి పెట్టుకోకండి. అప్పటికి కౌంటర్ ముందు పెద్ద క్యూ ఉంటుంది, కార్డు మీద డబ్బు కూడా పడిపోయి ఉంటుంది. ఇక యాత్ర రద్దు చేసుకుంటే టికెట్‌లో కోత పడినా, ముందు కట్టిన టిప్పు మామూలుగా పూర్తిగా తిరిగొస్తుంది. వాపసు లెక్కలో ఆ పద్దు విడిగా ఉందో లేదో చూసుకోండి.