నెమలి మెడ ఎందుకు సాగింది?

ప్రశ్న: చీరల డిజైన్ నేర్చుకుంటున్నాను. గింప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో 160 గళ్ళ వెడల్పు, 160 గళ్ళ ఎత్తుతో నెమలి బుటా గీశాను. తెర మీద చక్కగా ఉంది. జకార్డ్ మగ్గం మీద నేశాక మెడ సాగి కొంగలా కనిపిస్తోంది. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: తెర మీది గడి చతురస్రం, బట్టలోని గడి కాదు. జకార్డ్ గ్రాఫ్‌లో అడ్డంగా ఒక గడి అంటే ఒక పడుగు (నిలువు) పోగు, నిలువుగా ఒక గడి అంటే ఒక బుటా పేక, అంటే బొమ్మను నేసే అడ్డపోగు. మీ బట్టలో అంగుళానికి 80 పోగులు, 64 బుటా పేకలు ఉన్నాయనుకోండి. 160 పోగులు 2 అంగుళాల్లో ఇమిడిపోతాయి, 160 పేకలకు 2.5 అంగుళాలు కావాలి. ఎత్తు కూడా 2 అంగుళాలే రావాలంటే 128 గళ్ళలో గీయాలి.

కాబట్టి ముందు లెక్క, తర్వాతే బొమ్మ. మగ్గం మీద బిగువుగా ఉన్న బట్టను లెక్కపెట్టకండి. దించి ఒక రోజు వదిలేసిన ముక్కను కౌంటింగ్ గ్లాస్ (పోగులు లెక్కపెట్టే భూతద్దం) కింద మూడు చోట్ల చూడండి. నేల పేకను (మామూలు బట్టను నేసే అడ్డపోగును) బుటా పేకతో కలిపి లెక్కిస్తే మళ్ళీ ఇదే తప్పు వస్తుంది. మీ జకార్డ్‌కు పోగుల్ని లేపే హుక్కులు 240 ఉండి, హుక్కుకు ఒక్క పోగే కట్టి ఉంటే ఫైలు వెడల్పు 240 గళ్ళు పెట్టండి: బుటాకు 160, ఖాళీకి 80. అంటే 3 అంగుళాలకొక బుటా.

గింప్‌లో ‘ప్రింట్ సైజ్’ దగ్గర గొలుసు గుర్తు విడదీసి ఎక్స్‌కు 80, వైకి 64 ఇవ్వండి. తర్వాత ‘వ్యూ’ మెనూలో ‘డాట్ ఫర్ డాట్’ టిక్ తీసేస్తే నెమలి బట్ట మీద ఎలా ఉంటుందో అదే నిష్పత్తిలో తెర మీద కనిపిస్తుంది. చాలామందికి తెలియని సౌకర్యం ఇది, తప్పక వాడండి. గీయడానికి బ్రష్ వద్దు, పెన్సిల్ తీసుకోండి. బ్రష్ అంచుల్లో మధ్య రంగులు పుట్టిస్తుంది, జకార్డ్‌కేమో పోగు లేవాలా వద్దా అన్నదొక్కటే తెలుసు. చివర ‘ఇండెక్స్‌డ్’ మోడ్‌లో 2 రంగులకు తెచ్చి, డిథరింగ్ (చుక్కలు కలిపి మధ్య రంగుల భ్రమ కల్పించడం) ఆపేయండి.

ఇంకో జాగ్రత్త. నెమలి ఒంటిని ఒకే రంగుతో నింపి వదిలేస్తే జరీ 20 పోగుల మీదుగా, అంటే పావు అంగుళం, పట్టు లేకుండా తేలుతుంది. గాజుకో మెట్టెకో తగులుకుని లేచిపోతుంది. ప్రతి 8 పోగులకొక కట్టు గడి, అంటే జరీని పోగు కింద పట్టి ఉంచే గడి, పెట్టండి. పై వరుసకు వెళ్ళినప్పుడల్లా దాన్ని 3 గళ్ళు పక్కకు జరపండి. ఒక్కొక్క గడే జరిపితే ఏటవాలు గీత స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న: కాటన్ మీద డిజిటల్ ప్రింట్ కోసం తీగల డిజైన్ చేశాను. అతుకు దగ్గర వెంట్రుకంత తెల్ల గీత పడుతోంది.
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ముందు మీ రిపీట్ (మళ్ళీ మళ్ళీ వచ్చే డిజైన్ ముక్క) కొలత చూడండి. 150 డీపీఐలో (అంగుళానికి 150 పిక్సెళ్ళు) 8.33 అంగుళాలంటే 1249.5 పిక్సెళ్ళు. ఆ అర పిక్సెల్ సగం ఖాళీగా మిగిలి గీతవుతుంది. 8 అంగుళాలకు మార్చి 1200 పిక్సెళ్ళు చేయండి. తర్వాత ‘ఆఫ్‌సెట్’తో బొమ్మను సగం వెడల్పు, సగం ఎత్తు జరిపితే అతుకులన్నీ మధ్యకొస్తాయి. తెగిన తీగలను అక్కడే కలపండి. ఫైలు పీఎన్‌జీగా ఇవ్వండి.

మొత్తం తాను అచ్చువేయించే ముందు అదే బట్ట మీద 10 అంగుళాల చదరం వేయించి, ఉతికి, ఆరాక కొలవండి. నిలువున 9.6 వస్తే డిజైన్‌ను ఆ వైపు 104.2 శాతానికి పెంచాలి. అడ్డంగా బట్ట కుదించుకుపోయేది వేరుగా ఉంటుంది, దాన్ని విడిగా కొలవండి.