బఫర్ తగ్గించే ముందు

అల్లుడూ,

నీ జాబు చేరింది. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగేసుకునే శబ్దం శాంపిళ్ళ లెక్క, 32కి దించితే చిటపటలు, 512కి పెంచితే కీర్తన పాడే ఆయమ్మకు తన గొంతు తనకే ఆలస్యంగా వినిపించి చిరాకు. రెంటి మధ్యా నలిగిపోయి కొత్త ల్యాప్‌టాప్ కొననా అని అడిగినావు. కొనొద్దు, ఉండు. ముందు ఆ ఆలస్యం ఎవరి చెవికి తగులుతోందో చూసుకో. పాడే మనిషికా, వాయించే మనిషికా, ఎదురుగా కూర్చుని వినే జనానికా? ఒక్కొక్కరికీ మందు వేరు. అందరికీ కలిపి ఒక్క బఫర్‌నే తిప్పుతా ఉంటే ఎవరికీ కుదరదు.

లెక్క చిన్నదే. బఫర్‌ను శాంపిల్ రేటుతో, అంటే సెకనుకు తీసే శాంపిళ్ళ లెక్కతో, భాగించు. 48,000 దగ్గర 256 అంటే 5.3 మిల్లీసెకండ్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మొత్తం 10.7. శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని మళ్ళీ శబ్దంగా మార్చే కన్వర్టర్లకు పట్టే టైము, ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌తో కలిపి నడిపే డ్రైవర్ తన జాగ్రత్త కోసం దాచుకునేది దీనికి అదనం. 96,000 పెడితే సగమవుతుంది కదా అంటావేమో. అవుతుంది, కానీ ప్రాసెసర్ మీద పని కూడా రెండింతలవుతుంది.

పాడేవాళ్ళ సంగతే అన్నిటికన్నా సున్నితం. వాళ్ళ గొంతు వాళ్ళకు ఎముకల గుండా అప్పటికప్పుడే వినిపిస్తుంది. హెడ్‌ఫోన్‌లో అదే గొంతు నాలుగైదు మిల్లీసెకండ్లు వెనకబడి వచ్చి దానితో కలిస్తే, కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆలస్యమని వాళ్ళు చెప్పరు. ‘ఏందో డబ్బాలో పాడినట్టుంది’ అంటారు. నువ్వు మైకు మారుస్తావు, ఈక్వలైజర్ తిప్పుతావు, ఏమీ కాదు. అన్నమయ్య కీర్తనను నిదానంగా, గమకాలతో పాడే మనిషికి ఇది మరీ అడ్డం. తన స్వరం తనకు సరిగా వినబడక శ్రుతి మీద అనుమానం మొదలవుతుంది.

కాబట్టి ఆమె గొంతును కంప్యూటర్ చుట్టూ తిప్పి మళ్ళీ ఆమెకే వినిపించే పని పెట్టుకోవద్దు. మైకును కంప్యూటర్‌కు కలిపే నీ ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె మీద డైరెక్ట్ మానిటర్ నాబ్ ఉంది కదా, మైకు గొంతును దాంట్లోంచే హెడ్‌ఫోన్‌కు పంపు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయి, లేకుంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. రివర్బ్, అంటే గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని, లేకుండా పాడలేనంటుంది, ఎవరైనా అంతే. అప్పుడు రివర్బ్‌ను మాత్రం కంప్యూటర్ నుంచి ఇయ్యి. అసలు గొంతు ఒక్క చుక్క కూడా కలవకుండా, నూటికి నూరు శాతం రివర్బ్ శబ్దమే రావాల. రివర్బ్ ఇరవై, పాతిక మిల్లీసెకండ్లు వెనక వచ్చినా ఎవరికీ తెలీదు, నిజం గదిలో కూడా అది వెనకే వస్తుంది. ఇట్ల చేస్తే బఫర్ 512లో ఉన్నా ఆమెకు ఇబ్బంది ఉండదు, నీకు చిటపటలూ ఉండవు.

అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ మీద లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్, నాయిస్ తీసేవి ఏవైనా పెట్టుంటే రికార్డింగ్ అప్పుడు తీసేయి. ఇట్ల ముందుచూపుతో పనిచేసే ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) తమ వంతు ఆలస్యం కలుపుతాయి. తర్వాత మిక్సింగ్‌లో సాఫ్ట్‌వేర్ దాన్ని సరిచేస్తుంది గానీ, అప్పటికప్పుడు పాడేటప్పుడు సరిచేయలేదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ల గురించి అడిగినావు. ఆ మాటే వద్దు.

మృదంగం విడిగా రికార్డు చేస్తే పాటకు కొంచెం వెనకబడి పడిందని రాసినావు. ఆయన తాళం మీద అనుమానం పెట్టుకోవాకు. కొన్ని డ్రైవర్లు తమ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్‌కు తప్పుగా చెబుతాయి. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ వేసి, క్లిక్ ట్రాక్‌ను మళ్ళీ రికార్డు చేసి, అసలు క్లిక్కు, రికార్డయిన క్లిక్కు, రెండింటి గీతలనూ పెద్దవిగా చేసి చూడు. ఎన్ని శాంపిళ్ళు తేడా ఉంటే అన్ని సాఫ్ట్‌వేర్‌లోని రికార్డింగ్ ఆఫ్‌సెట్ సెట్టింగ్‌లో వెయ్యి. బఫర్ మారిస్తే మళ్ళీ కొలుచుకోవాల.

ఇక ఊళ్ళో జరిగే భారతం ఉత్సవం పని. పగలు హరికథ, రాత్రి నాటకం, రెండూ ఆరుబయటే. కీబోర్డు అబ్బాయి ల్యాప్‌టాప్ నుంచి వాయిస్తాడన్నావు. అతనికి బయటికెళ్ళే దోవే లెక్క, లోపలికొచ్చేది లేదు. 256ను 128కి దించితే అతనికి కలిసొచ్చేది 2.7 మిల్లీసెకండ్లు. మన ఎండల్లో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. అతను వినే మానిటర్ బాక్సును ఇప్పుడున్నదానికంటే ఒక మీటరు దగ్గరగా జరిపితే అంతకంటే కాస్త ఎక్కువే కలిసొస్తుంది, చిటపట భయం లేదు. అందుకే స్టేజీ మీద నేను 256 పెట్టి బాక్సు జరుపుతా. గొంతులను ల్యాప్‌టాప్‌లోకి పంపనే పంపను, మిక్సర్‌లోని రివర్బ్ చాలు. పాత్రధారుల వెనక రెడీమేడ్ మ్యూజిక్ వేసేటప్పుడు 1024 పెట్టినా నష్టం లేదు.

జనం వైపు అయితే నువ్వే ఆలస్యం కలపాల. స్టేజీ నుంచి 35 మీటర్ల దూరంలో రెండో జత బాక్సులు కడితే వాటికి 100 మిల్లీసెకండ్ల డిలే వెయ్యి. ఇంకో పది పదిహేను కలిపితే వెనక కూర్చున్నవాళ్ళకు మాట ద్రౌపది నోట్లోంచే వచ్చినట్టుంటుంది, పక్కనున్న స్తంభంలోంచి కాదు.

చిటపటల సంగతి చివరికి పెట్టినా, ఎందుకంటే పైవన్నీ చేస్తే సగం వాటంతట అవే పోతాయి. ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్ళ సొంత ఏసియో డ్రైవరే (విండోస్‌లో ఆలస్యం తగ్గించే రకం) వెయ్యి. ఏసియో ఫర్ ఆల్ గతి లేనప్పుడు వాడుకునేది. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా గుచ్చు. వై-ఫై, బ్లూటూత్ ఆపు, పవర్ ప్లాన్ హై పర్ఫార్మెన్స్‌లో పెట్టి చార్జర్ తగిలించు. కొర్లగుంట గదిలో మే నెలలో ఏసీ ఆపి రికార్డు చేస్తే ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తానే తగ్గించుకుంటుంది, కింద గాలి ఆడేట్టు ఎత్తు పెట్టు. ఇంత చేసినా ఆగకుంటే ఏ డ్రైవర్ అడ్డం పడుతోందో చూపే లేటెన్సీమాన్ ప్రోగ్రామును ఒక పది నిమిషాలు నడిపి, ఏ డ్రైవర్ పేరు పైన వస్తోందో ఫోటో తీసి పంపు. చూసి చెబుతా.

మీ మామ