అమెరికాలో యూనివర్సిటీలూ, ఒక్కో ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్ళని నడిపే స్కూల్ డిస్ట్రిక్టులూ కలిసి పిల్లల్లో ఊబకాయం తగ్గిస్తున్నామంటున్నాయి, నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. కాకపోతే పిల్లాడి బ్యాగులో ఒక పాంఫ్లెట్ పెట్టి ఇంటికి పంపిస్తే కాదు, స్కూలు వంటగదిలోనూ ఆటస్థలంలోనూ వేలు పెడితేనే.

మేముండేది టెక్సాస్‌లో, ఆస్టిన్ పక్కన. మావాడి స్కూల్లో క్యాచ్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, టెక్సాస్ యూనివర్సిటీ పబ్లిక్ హెల్త్ వాళ్ళ చేతుల్లో పెరిగింది. అందులో తిండిని మూడు రంగులుగా విడగొడతారు. పచ్చ అయితే ఎప్పుడైనా తినొచ్చు, పసుపు అయితే చూసుకుని తినాలి, ఎరుపు అయితే ఎప్పుడో ఓసారి. మావాడు థర్డ్ గ్రేడ్‌లో ఈ పాఠం విని వచ్చేసరికి మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. స్టిక్కర్ల షీటు పట్టుకుని వాడు వంటింటి మీద పడ్డాడు. దోసకాయకి పచ్చ, జంతికల డబ్బాకి ఎరుపు, అన్నం గిన్నెకి పసుపు. అంతవరకూ ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. పెరుగు గిన్నె దగ్గర ఆగి "నానమ్మా, ఇది హోల్ మిల్కా?" అని, అంటే వెన్న తియ్యని పాలదా అని అడిగాడు, అవుననగానే మూత మీద ఎర్ర స్టిక్కర్ అంటించేశాడు.

"ఏరా, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఎరుపేమిట్రా? మీగడ పెరుగు లేకపోతే మీ తాతయ్యకి ముద్ద దిగేది కాదు, తెలుసా?"

"చార్ట్‌లో అలాగే ఉంది నానమ్మా" అని వాడు బిక్కమొహం వేశాడు. ఆవిడ ఆ స్టిక్కర్‌ని గోటితో గీకి పీకి, తీసుకెళ్ళి జంతికల డబ్బాకే అంటించారు. "దీనికి రెండు వెయ్యి, ఒప్పుకుంటా."

నేను ఆటలు నేర్పే పీఈ టీచర్‌కి మెయిల్ పెట్టాను, ఇడ్లీ, పప్పు, పులిహోర ఏ రంగులోకి వస్తాయని. కొంచెం కొంచెం తినమనండి అని జవాబొచ్చింది. ఇక్కడ ఏ క్లాసులో చూసినా మన పిల్లలుంటారు, యూనివర్సిటీలో మాస్టర్స్ చేసే తెలుగువాళ్ళకి లెక్కే లేదు, మన తిండితో ఒక్క పేజీ చార్ట్ వెయ్యడానికి ఎవరికీ తీరిక దొరకలేదు!

అయినా నేను ఈ ప్రోగ్రామ్‌ని తిట్టను. 1991 నుంచి 94 దాకా నాలుగు రాష్ట్రాల్లో 96 స్కూళ్ళలో దీన్ని పరీక్షించినప్పుడు లంచ్‌లో కొవ్వు తగ్గింది, పిల్లలు పీఈలో బాగా చెమటోడ్చారు, బరువులో మాత్రం తేడా రాలేదు. చాలామంది అక్కడితో ఆగిపోయి డబ్బు దండగ అంటారు. తర్వాత మా టెక్సాస్‌లోనే ఎల్ పాసో ఊళ్ళో ఏమైందో చూడాలి కదా. థర్డ్ గ్రేడ్ నుంచి ఫిఫ్త్‌కి వచ్చేసరికి, క్యాచ్ లేని స్కూళ్ళలో బరువు ఎక్కువున్న, ఎక్కువయ్యేలా ఉన్న ఆడపిల్లలు 26 శాతం నుంచి 39కి పెరిగారు, ఉన్న స్కూళ్ళలో 30 నుంచి 32 అంతే. నాకు ఇది చాలు.

ఇక మసాచుసెట్స్‌లో సోమర్‌విల్ ఊరిది ఇంకా నచ్చుతుంది. 2002లో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళు మొదలుపెట్టి, పాఠాలతో సరిపెట్టకుండా స్కూలు వంటవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చారు, పిల్లలు నడిచి వెళ్ళేలా రోడ్డు దాటే చోట్లు బాగుచేయించారు, చివరికి ఊళ్ళో హోటళ్ళని కూడా కదిపారు. మొదటి ఏడాదికి పిల్లలు పెరగాల్సిన దానికన్నా ఓ పౌండు తక్కువ పెరిగారు. పౌండేనా అంటారు, అంతమంది పిల్లల్లో సగటున పౌండంటే మాటలా?

మనవాళ్ళ సంగతి వేరు. పిల్లాడు పుల్లలా ఉంటాడు, పొట్ట మాత్రం ముందుకొస్తుంది, ఇక్కడి ఎత్తూ బరువుల చార్ట్ చూసి డాక్టర్ నార్మల్ అంటారు, మనం హమ్మయ్య అనుకుంటాం. 2015లో మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం వేసిన చార్ట్‌లో హద్దు కిందకే ఉంది, పెద్దయ్యాక బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క, 23 దాటేలా ఉంటే చాలు, అధిక బరువు కిందకే వస్తుంది. ఇదేమీ పట్టని మనం స్కూలు వదలగానే లెక్కల ట్యూషన్, అది అవగానే చెస్, మధ్యలో కార్లోనే చిప్స్.

టెక్సాస్‌లో ప్రతి డిస్ట్రిక్టుకీ స్కూలు ఆరోగ్య సలహా సంఘం ఉండాలి, అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. లంచ్ మెనూ, ఆటల టైమ్ గురించి నోరు విప్పాల్సింది అక్కడే. చదువులో ముందుండే పిల్లల కోసం పెట్టే గిఫ్టెడ్ ప్రోగ్రామ్ మీటింగ్ అంటే మనవాళ్ళకి కార్ పార్కింగ్ దొరకదు, దీనికి మాత్రం ఒక్కరూ రారు.