విమర్శకుడితో వేదిక ఎక్కే చిత్రకారుడు ఏమి మాట్లాడాలి?

మీ ప్రదర్శన సందర్భంగా ఒక కళావిమర్శకుడితో వేదిక మీద గంటసేపు మాట్లాడమన్నారని, బొమ్మ వేయడం తప్ప మాట్లాడటం చేతకాదని, ఎలా సిద్ధపడాలో చెప్పమని అడిగారు. అలాంటి కుర్చీలో నేనూ కొన్నిసార్లు కూర్చున్నాను. ప్రేక్షకుల్లో కూర్చుని ఆవులింతలు ఆపుకున్న సందర్భాలు అంతకన్నా ఎక్కువే. నేను చెప్పగలిగింది ఒకటే: బొమ్మ ఎలా తయారైందో చెప్పండి, దాని అర్థం చెప్పే పని నెత్తిన వేసుకోకండి.

అర్థం అడిగితే మనం సాధారణంగా కేటలాగులోని వాక్యాలైనా అప్పజెబుతాం, లేదంటే ‘చూసేవాళ్ల ఇష్టం’ అని తప్పుకుంటాం. ఎటు పోయినా సభ చప్పబడిపోతుంది. అదే పనితనం గురించి అడిగితే మాట పెగలనివాళ్లు కూడా గాడిలో పడతారు. ఒకసారి నాతో కూర్చున్న విమర్శకుడు మొదట చాలాసేపు స్మృతి, విస్మృతి, అస్తిత్వం అంటూ నడిపించారు. నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆయన లేచి, పక్కనే ఈజిల్ మీదున్న కాన్వాసు దగ్గరికి వెళ్లి, బూడిదరంగు గోడ అడుగున సన్నగా కనిపిస్తున్న ఎర్రటి అంచును చూపించి, “ఇది కిందిదా, తర్వాత పైన వేసిందా?” అని అడిగారు.

కిందిదే. అక్కడ మొదట ఒక ఎర్ర కుర్చీ ఉండేది. ఎటు చూసినా కన్ను దాని మీదికే పోతోందని విసిగి, రంగు ఆరకముందే పాలెట్ కత్తితో గీకేసి పైన బూడిదరంగు పూశాను. ఒక మూల కాస్త ఎరుపు మిగిలిపోయింది. మర్నాడు చూస్తే గోడకు లోతు ఇస్తున్నది అదేనని తెలిసి దాని జోలికి పోలేదు. నేను ఇది చెబుతుంటే వెనక వరసలవాళ్లు లేచి నిలబడి కాన్వాసు వైపు చూడటం మొదలుపెట్టారు. “కుర్చీని తీసేశారు గానీ, కుర్చీలో మనిషి కూర్చుంటే పడాల్సిన నీడను ఉంచేశారు” అన్నారు విమర్శకుడు. ఆ నీడను వేసింది నేనే, కానీ ఆ సంగతి నాకు తట్టలేదు. అది కిటికీ నీడ అని వాదించాను. ఆయన ఒప్పుకోలేదు. మా వాదన తేలలేదు గానీ ఆ సాయంత్రం మొత్తంలో వినదగ్గ భాగం అదే.

ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్, కళావిమర్శకుడు డేవిడ్ సిల్వెస్టర్‌ల సంభాషణలు. 1962లో బీబీసీ కోసం మొదలై ఏళ్ల తరబడి సాగాయి. గొడుగు కింద మనిషి, వెనక వేలాడే పశు కళేబరం ఉన్న తన 1946 నాటి చిత్రం గురించి చెబుతూ బేకన్, తాను మొదట వేయబోయింది పొలంలో వాలుతున్న పక్షినని అన్నాడు. ఒక గీత ఇంకో గీతను పుట్టించి, చివరికి అనుకోని బొమ్మ వచ్చిందట. హింస, భయం, యుద్ధానంతర మానవుడు అంటూ ఎన్ని పుటలు రాసినా అవి ఆ పక్షి సంగతి అంత బాగా మనల్ని కూర్చోబెట్టి వినేలా చేయలేవు.

ప్రేక్షకులు తప్పకుండా అడిగే ప్రశ్న ‘ఎన్ని రోజులు పట్టింది?’ దాని వెనక ధర గురించిన అనుమానం ఉంటుంది. 1878లో లండన్ కోర్టులో చిత్రకారుడు విస్లర్‌ను అడిగిందీ ఇదే. ఆయన వేసిన రాత్రి దృశ్యం ఒకటి చూసి, ప్రజల ముఖాన రంగు డబ్బా విసిరి 200 గినీలు (పాత ఇంగ్లీషు డబ్బు లెక్క) అడుగుతున్నాడని కళావిమర్శకుడు రస్కిన్ రాస్తే విస్లర్ పరువునష్టం దావా వేశాడు. రెండు రోజుల పనికి అంత డబ్బా అని రస్కిన్ తరఫు న్యాయవాది నిలదీస్తే, జీవితకాలమంతా పనిచేసి సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నానని జవాబిచ్చాడు. దావా గెలిచాడు గానీ వచ్చిన నష్టపరిహారం ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. మరుసటి ఏడే దివాలా తీశాడు. గడుసు జవాబుతో చప్పట్లు వస్తాయి, అంతే. మీరు మాత్రం పట్టిన రోజులు ఉన్నవి ఉన్నట్టు చెప్పి, అందులో చెరిపేసిన రోజులు ఎన్నో కూడా చెప్పండి.

ఏర్పాట్ల విషయంలో ఒక్కదాని మీద పట్టుబట్టండి: కనీసం ఒక అసలు చిత్రం వేదిక మీద ఉండాలి. ప్రొజెక్టర్ తెర మీద అరచేయంత బొమ్మ, గోడంత బొమ్మ ఒకే కొలతలో కనిపిస్తాయి. ముదురు నీలాలు నల్లబడతాయి, రంగు మందం అసలు తెలియదు. ఇందాక చెప్పిన ఎరుపు అంచు తెర మీదైతే కనిపించేదే కాదు.

విమర్శకుడిని ముందుగా స్టూడియోకు పిలవండి. సగం వేసి వదిలేసినవి, గోడకు తిప్పి పెట్టినవి కూడా చూడనివ్వండి. ప్రశ్నల జాబితా మాత్రం అడగకండి. ముందే జవాబులు వల్లె వేసుకుంటే వేదిక మీద ఇద్దరూ నాటకం ఆడుతున్నట్టు ఉంటుంది. ఆయన మాట మీకు నచ్చకపోతే అక్కడికక్కడే బొమ్మను చూపించి కాదనండి, మర్యాదగా. మౌనం వస్తే కంగారుపడి నింపకండి, ఆ కాసేపు జనం బొమ్మను చూస్తారు.

రికార్డు చేసి అచ్చు వేస్తామంటే ప్రతిని ముందు మీకు పంపమనండి. సిల్వెస్టర్ కూడా సంభాషణలను ఉన్నవి ఉన్నట్టు వేయలేదు, కత్తిరించి, ముందువెనకలు మార్చి కూర్చాడు. అది తప్పు కాదు. కానీ మీరు తడబడి ఆగిన చోట వాళ్లు ఒక నున్నటి వాక్యం పెట్టి ఉంటే దాన్ని కొట్టేయండి.