జర్మనీలో మొదటి నెల: ముందు లెటర్ బాక్స్ మీద పేరు

సెలవులకి శ్రీకాకుళం వచ్చానంటే చాలు, మా వీధిలో ఎవరో ఒకరు కాగితాల ఫైలు పట్టుకుని ఇంటికొస్తారు. ఇదివరకు అందరూ అమెరికా సంగతులే అడిగేవారు. ఇప్పుడు జర్మనీ గురించి అడిగేవాళ్ళు పెరిగారు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటికి ట్యూషన్ ఫీజు లేకపోవడమే కారణం. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి విదేశీ విద్యార్థులు సెమిస్టరుకి 1500 యూరోలు కట్టాలి. ఆ సంగతి అప్లై చేసే ముందే చూసుకోవాలి.

తండ్రులు మొదట అడిగేది డబ్బు. వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే ఖాతాని బ్లాక్డ్ అకౌంట్ అంటారు. అందులో 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అదంతా ఒకేసారి చేతికి రాదు, నెలకి 992 చొప్పున వస్తుంది. మ్యూనిక్ లాంటి ఊళ్ళో అందులో పెద్ద ముక్క గది అద్దెకే పోతుంది. స్టూడెంటు వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ, 280 సగం రోజులు గానీ పని చేసుకోవచ్చు. దాంతో తిండికి, ఫోనుకి కాస్త ఊపిరాడుతుంది. పార్ట్‌టైమ్ జీతంతో ఇక్కడి బ్యాంకు వాయిదాలు కట్టేస్తానని ఇంట్లో మాటిచ్చి మాత్రం విమానం ఎక్కకండి.

ఇక తల్లుల ప్రశ్న: "ఏటి తింటాడమ్మా అక్కడ?" బియ్యం, పప్పులు, చింతపండు పెద్ద ఊళ్ళలో దొరుకుతాయి, బెంగ అక్కర్లేదు. బ్యాగు సర్దేటప్పుడే జాగ్రత్త. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి తీసుకెళ్ళకూడదు. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాలు, వాటితో చేసినవేవీ తేకూడదన్నది రూలు. కరివేపాకు రెబ్బలు కూడా మొక్కల సర్టిఫికెట్ లేకుండా కుదరవు. కొబ్బరికాయకి మాత్రం ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, కాబట్టి ఉద్దానం కాయ నిక్షేపంగా వెళ్తుంది. ఎండు చేపలకీ అడ్డు లేదు. మిక్సీ మానేసి ఇంకో రెండు జతల బట్టలు పెడదామనుకుంటారు చాలామంది. అలా చేయకండి. కరెంటు అక్కడా 230 వోల్టులే. ప్లగ్గుకి చిన్న అడాప్టర్ పెడితే ఇక్కడి మిక్సీ అక్కడ తిరుగుతుంది.

పిల్లలు అడగనిదీ, నేను పట్టుబట్టి చెప్పేదీ ఒకటుంది. దిగిన రోజే లెటర్ బాక్స్ మీద మీ ఇంటిపేరు అంటించుకోండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, జర్మనీ బతుకంతా ఆ డబ్బాలోంచే నడుస్తుంది. బ్యాంకు కార్డు ఒక కవర్లో వస్తుంది, దాని పిన్ ఇంకో కవర్లో వస్తుంది. ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు, వీసా ఆఫీసు పిలుపు కూడా చాలాచోట్ల పోస్టులోనే వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పట్టుకెళ్ళిపోతాడు. ఫలానావాళ్ళ అబ్బాయి ఎక్కడుంటాడని పక్కింట్లో వాకబు చేయడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉంటే అలాగే రాయాలి. నలుగురు కలిసి ఉండే ఫ్లాటైతే నాలుగు ఇంటిపేర్లూ ఉండాలి.

ఆ ఉత్తరాలు రావాలంటే ముందు అడ్రసు రిజిస్టర్ అవ్వాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా చేయించాలని చట్టం. పాస్‌పోర్టుతో పాటు ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. పెద్ద ఊళ్ళలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. ఇల్లు ఖాయమైన రోజు నుంచే వెబ్‌సైట్ చూస్తూ ఉండండి, పొద్దున్నే చూస్తే ఒక్కోసారి ఎవరో రద్దు చేసుకున్న టైమ్ దొరుకుతుంది. రిజిస్టర్ అయ్యాక ట్యాక్స్ నంబరు దానంతటదే ఇంటికొస్తుంది. ఆ నంబరు ఇవ్వకుండా పనిలో చేరితే జీతంలో ఆరో క్లాసు కింద పన్ను కోస్తారు, అదే అన్నిటికంటే ఎక్కువ. తర్వాత లెక్కలు సరిచేసుకోవచ్చు గానీ మొదటి జీతం చూసుకున్నప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక్కడే మనవాళ్ళు కొందరు దారి తప్పుతున్నారు. "నా అడ్రసు మీద రిజిస్టర్ చేయించుకో, ఇంత ఇవ్వు" అనేవాళ్ళుంటారు. తెలుగువాడే కదా, అన్నయ్య అని పిలుస్తున్నాం కదా అని ఒప్పుకోకండి. ఉండని ఇంట్లో ఉంటున్నట్టు రాయించుకోవడం చట్టవిరుద్ధం. జరిమానా మీకూ పడుతుంది, అతనికీ పడుతుంది. గది చూడకుండా డిపాజిట్ పంపమనేవాడి సంగతీ అంతే. ఓనరు విదేశంలో ఉన్నాడనీ, తాళం కొరియర్లో వస్తుందనీ చెప్తే అది మోసమే అనుకోండి. అసలు డిపాజిట్ మూడు నెలల అద్దెకి మించకూడదు. అద్దె అంటే కరెంటు, హీటర్ ఖర్చులు కలపని అద్దె.

కవరు మీద ఉన్న భాష అర్థం కాలేదని ఉత్తరాన్ని అలమారలో పెట్టకండి. ఫోన్‌తో ఫోటో తీస్తే అనువాదం వచ్చేస్తుంది. ఇలాంటి ఉత్తరాల్లో చాలావరకు ఒక గడువు తేదీ ఉంటుంది, మీకు కావాల్సింది అదే. ఉదాహరణకి రేడియో, టీవీ రుసుము: నెలకి 18.36 యూరోలు, ఇంటికి ఒక్కటే. టీవీ లేదండీ అంటే వినరు. ఫ్లాట్‌లో అప్పటికే ఒకరు కడుతుంటే వాళ్ళ రుసుము ఖాతా నంబరు రాసి పంపితే సరిపోతుంది. జవాబు రాయకపోతే బాకీ పెరుగుతూ పోతుంది. దేశమంతా తిరిగే నెల టికెట్ కూడా తేదీ పట్టింపుదే. వచ్చే నెలకి వద్దనుకుంటే ఈ నెల 10వ తేదీ లోపే రద్దు చేయాలి. టికెట్ లేకుండా ట్రామ్ ఎక్కి దొరికితే 60 యూరోలు. పని జరగాలంటే తెలిసినవాళ్ళ ద్వారా ఒక మాట చెప్పించడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. అక్కడ మాట సాయం పనిచేయదు. తేదీ దాటకుండా కాగితం చేరిందా లేదా అన్నదొక్కటే చూస్తారు. మొదట్లో కఠినంగా అనిపించినా నాకైతే అదే నచ్చింది. ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

పొరుగువాళ్ళ సంగతికొస్తే, మెట్ల మీద ఎదురైతే మీరే ముందు గూటెన్ టాగ్ (మన నమస్కారం లాంటిది) చెప్పండి. చెప్పకపోతే పొగరనుకుంటారు. రాత్రి పది దాటితే చప్పుడు వినపడకూడదు. ఆదివారం పగలు కూడా గోడకి మేకు కొట్టకూడదు. ఆదివారం కొట్లు మూసేస్తారు కాబట్టి శనివారమే పాలు, కూరలు తెచ్చుకోవాలి. చలికాలంలో కిటికీలు బిగించి పులుసు కాచి, ఉతికిన బట్టలు గదిలోనే ఆరేస్తే గోడలకి బూజు పడుతుంది. ఆ ఖర్చు డిపాజిట్‌లో కోసేస్తారు. రోజుకి రెండు మూడు సార్లు ఐదేసి నిమిషాలు కిటికీలు బార్లా తెరవండి, ఎంత చలైనా సరే. ఎండు చేపలు వేయించిన రోజు ఇంకాసేపు!

జ్వరం వస్తే సూది పొడిపించుకుని సాయంత్రానికి లేచి కూర్చోవడం మనకి అలవాటు. అక్కడి డాక్టరు చాలాసార్లు టీ తాగి పడుకోమంటారు. నిర్లక్ష్యం అనుకోకండి, వాళ్ళ పద్ధతే అంత. యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఎక్కడా అమ్మరు. రోజూ వేసుకునే మందులుంటే మూడు నెలలకి మించకుండా డాక్టరు చీటీతో పాటు తెచ్చుకోండి. క్లినిక్కులు మూసేసిన వేళ డాక్టరు కావాలంటే 116117, ప్రాణాపాయమైతే 112. ఈ రెండు నంబర్లూ ఇక్కడి నుంచి బయల్దేరే ముందే ఫోన్‌లో వేసుకోండి. ముప్పై ఏళ్ళ లోపు విద్యార్థులకి ప్రభుత్వ ఇన్సూరెన్స్ తక్కువ ధరకి వస్తుంది. చవగ్గా ఉందని ప్రయాణాల ఇన్సూరెన్స్‌తో చదువంతా నెట్టుకొద్దామనుకోవద్దు.

చలి కంటే చీకటి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అరసవల్లి సూర్యనారాయణ మూర్తి ఊళ్ళో పుట్టినవాళ్ళం, ఎండకి కరువేంటో మనకి తెలీదు. డిసెంబరులో బెర్లిన్‌లో పొద్దున్న ఎనిమిది దాటాకే తెల్లారుతుంది, సాయంత్రం నాలుగుకే పొద్దు వాలిపోతుంది. క్లాసులో ఉండగానే పగలైపోతుంది. అప్పుడే ఇల్లు గుర్తొచ్చి చాలామంది గదిలోంచి కదలరు, నలుగురు తెలుగువాళ్ళతోనే రోజంతా గడిపేస్తారు. మనవాళ్ళు కావాలి, కాదనను. కానీ సాయంత్రాలు జర్మన్ క్లాసుకి వెళ్తే చీకట్లో బయటికి కదలడానికి ఒక సాకు దొరుకుతుంది, ఉత్తరాలు చదవడమూ వస్తుంది. జర్మన్‌లో మొదటి మెట్టయిన ఏ1 లెవెల్ ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్తే ఇంకా మేలు. మధ్యాహ్నం కాస్త వెలుతురున్నప్పుడు అరగంట నడవండి. నీరసం తగ్గకపోతే విటమిన్ డి గురించి డాక్టరుని అడగండి.

ఇంటికి ఫోన్ చేసే వేళ ముందే అనుకోండి. ఎండాకాలం మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలం నాలుగున్నర. మార్చి, అక్టోబరు నెలల్లో ఆఖరి ఆదివారం గడియారాలు మారతాయి. ఈ సంగతి అమ్మకి ముందే చెప్పండి. లేకపోతే ఆ రాత్రి ఫోన్ గంట ఆలస్యంగా వస్తే ఆవిడకి టెన్షన్.