గ్వాంటనామో జైలు మూసేయమని ఉపవాసాలు చేస్తే ఎవరికైనా ఉపయోగం ఉందా? మీలో ఎవరైనా చేశారా?

చేశాను. 2014 జనవరిలో, వాషింగ్టన్‌లో, ఆఫీసుకు సెలవు పెట్టి ఐదు రోజులు. ఉపయోగం సంగతి సూటిగానే చెప్తాను. మేం తిండి మానేసినందుకు ఏ ఖైదీ తలుపూ తెరుచుకోలేదు. మళ్లీ చేస్తావా అంటే మాత్రం చేస్తాను.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. గ్వాంటనామో అంటే క్యూబా గడ్డ మీదున్న అమెరికా నౌకాదళ స్థావరం. 2002 జనవరి 11న ఉగ్రవాదులన్న అనుమానంతో పట్టుకున్నవాళ్లలో మొదటి 20 మందిని సంకెళ్లతో అక్కడ దింపారు. ఆ తర్వాత మొత్తం మీద 780 మంది దాకా ఆ జైలు చూశారు. వాళ్లలో చాలామంది మీద కేసే లేదు, కాబట్టి శిక్ష లేదు, శిక్షకు గడువూ లేదు. ఏడాదిలోగా మూసేస్తామని ఒబామా 2009 జనవరి 22న ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. నేను వెళ్లేసరికి అయిదేళ్లయింది, లోపల ఇంకా 155 మంది ఉన్నారు. అందులో దాదాపు సగం మందిని వదిలేయొచ్చని ప్రభుత్వమే తేల్చింది. తేల్చి, వదల్లేదు.

ఉపవాసం మొదలుపెట్టింది పేదలకు సేవ చేస్తూ యుద్ధాలను వ్యతిరేకించే క్యాథలిక్ వర్కర్ ఉద్యమానికి చెందిన పాతిక మంది దాకా మనుషులు. 2005 డిసెంబరులో క్యూబా వెళ్లి, ఖైదీలను చూస్తామని ఆ స్థావరం వైపు నడిచారు. దారిలో ఆపేస్తే అక్కడే కూర్చుని తిండి మానేశారు. తిరిగొచ్చాక వాళ్లే 'విట్నెస్ అగైనెస్ట్ టార్చర్' (చిత్రహింసకు వ్యతిరేకంగా సాక్ష్యం) అనే బృందంగా ఏర్పడి, ఏటా జనవరి 11 చుట్టూ వాషింగ్టన్‌లో ఉపవాసం పెట్టుకుంటూ వచ్చారు.

దీక్ష అనగానే మనకు పొట్టి శ్రీరాములు గారి 58 రోజులు గుర్తొస్తాయి. ఇది ఆ కోవలోది కాదు. నీళ్లు, పళ్లరసం, వడకట్టిన సూపు తాగుతాం. ఎప్పుడు విడుస్తామో ముందే తెలుసు. నాకు రెండో రోజు తల పగిలిపోయింది, ఆకలికన్నా కాఫీ మానేసినందుకు. మూడో రోజుకి ఆకలి సద్దుమణిగి చలి పట్టుకుంది. తిండి లేని ఒంటికి ఎన్ని స్వెట్టర్లు వేసినా చాలవు.

రాత్రిళ్లు ఒక చర్చి సెల్లార్లో నేల మీద పడుకునేవాళ్లం. పడుకునే ముందు గుండ్రంగా కూర్చుని ఖైదీలు రాసినవి ఒక్కొక్కరం చదివేవాళ్లం. ముందు ఏడాది, అంటే 2013లో, జైల్లోనే పెద్ద నిరాహార దీక్ష జరిగింది. సైన్యం చెప్పిన లెక్క ప్రకారమే ఒక దశలో 166 మందిలో 106 మంది తిండి మానేశారు. 40 మందికి పైగా ఖైదీలకు బలవంతంగా ఆహారం ఎక్కించారు. కుర్చీలో కూర్చోబెట్టి కాళ్లూ చేతులూ బెల్టులతో బిగించి, ముక్కులోంచి గొట్టం పొట్టదాకా తోసి, ద్రవాహారం పోయడం. ఒకసారి కాదు, రోజూ. తెలివిలో ఉండి వద్దంటున్న మనిషికి ఇలా చేయకూడదని ప్రపంచ వైద్య సంఘం మాల్టా ప్రకటన 1991 నుంచీ డాక్టర్లకు చెబుతూనే ఉంది. సమీర్ మొక్బెల్ అనే యెమెన్ ఖైదీ తనకు ఇది ఎలా జరిగిందో లాయర్ల ద్వారా చెప్పుకున్నది 2013 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. అందులో గొట్టం గురించిన భాగం నా వంతుకొచ్చింది. చేతిలో యాపిల్ రసం గ్లాసు ఉంది. నాకు నచ్చినప్పుడు తాగొచ్చు, వద్దనుకుంటే పక్కన పెట్టొచ్చు. అది చదువుతూ ఆ గ్లాసు పట్టుకోలేక కింద పెట్టేశాను. నాది ఏ క్షణమైనా మానేయగల ఉపవాసం. వాళ్ల చేతిలో మిగిలింది ఆకలొక్కటే, దాన్ని కూడా గొట్టం పెట్టి లాక్కున్నారు.

పగలు నారింజ రంగు జైలు బట్టలు, తలకు నల్ల ముసుగు వేసుకుని వరసగా వైట్‌హౌస్ ముందు నిలబడేవాళ్లం. ముసుగులో మన ఊపిరి మనకే వెచ్చగా తిరిగి తగులుతుంది. కాసేపటికి గుడ్డ తడిసి పెదాలకు అంటుకుంటుంది. కిందకు చూస్తే ముందు మనిషి మడమలు తప్ప ఏమీ కనపడవు. అరగంటకే నాకు తీసేయాలనిపించింది.

ప్రతి ఒక్కరి మెడలో ఒక ఖైదీ పేరు రాసిన అట్ట ఉండేది. నా అట్ట మీద అద్నాన్ లతీఫ్. ఆయనదీ యెమెనే. కవితలు రాసేవాడు, ఎన్నోసార్లు నిరాహార దీక్షలు చేశాడు. వదిలేయమని 2010లో ఒక జడ్జి తీర్పిస్తే ప్రభుత్వం అప్పీలుకు వెళ్లి గెలిచింది. సుప్రీంకోర్టు 2012 జూన్‌లో వినడానికి ఒప్పుకోలేదు. ఆ సెప్టెంబరులో జైల్లోనే పోయాడు. అక్కడికి తెచ్చి పదేళ్లు దాటింది అప్పటికి.

ఒక పిల్లాడు, పదేళ్లుంటాయేమో, వాళ్ల నాన్నతో వచ్చి ఆ పేరు కూడబలుక్కుని చదివాడు. ఈయన ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాడు. ముసుగులో ఉన్నవాళ్లం మాట్లాడకూడదని అనుకున్నాం. పక్కన కరపత్రాలు పంచుతున్న పెద్దావిడ 'చనిపోయాడమ్మా' అంది. 'ఏం చేశాడని పట్టుకున్నారు?' అని మళ్లీ అడిగాడు. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. ఏమని చెప్తుంది? ఆయన మీద ఒక్క నేరమూ మోపలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. నా ఉద్దేశంలో పనిచేసింది లోపలివాళ్ల ఆకలి. 2013 మేలో ఒబామా మళ్లీ నోరు విప్పి, యెమెన్‌వాళ్లను సొంత దేశానికి పంపకూడదన్న నిషేధం ఎత్తేసింది ఆ దీక్ష నడుస్తుండగానే. ఆ ఏడాది చివరి నుంచి విడుదలలు పుంజుకున్నాయి. లాయర్ల పని వేరే చెప్పాలా. తమను ఎందుకు నిర్బంధించారో కోర్టులో ప్రశ్నించే హక్కు ఖైదీలకు దక్కింది వాళ్లు పోరాడి 2008లో సుప్రీంకోర్టులో తెచ్చుకున్న తీర్పుతోనే. బయట ఉపవాసం ఉన్నవాళ్లు చేసింది, లోపలి పేర్లు బయట వినపడకుండా పోనివ్వకపోవడం. 2008 జనవరిలో సుప్రీంకోర్టు దగ్గర నిరసన చేస్తూ అరెస్టయిన వాళ్లలో కొందరు విచారణలో తమ పేరు బదులు ఖైదీల పేర్లు చెప్పారు. అలాగైనా ఆ పేర్లు అమెరికా కోర్టు గదిలో పలికాయి. 2025 జనవరికి లోపల 15 మంది మిగిలారు.

మీరు వెళ్లాలనుకుంటే రెండు మాటలు. వీసా మీద ఉన్నవాళ్లయితే అరెస్టయ్యే కార్యక్రమాల్లోకి దిగకండి. ఎవరు అరెస్టుకు సిద్ధం, ఎవరు కాదు అన్నది ముందు రాత్రే తేల్చుకుంటారు, కాదన్నవాళ్లను ఎవరూ తక్కువగా చూడరు. నేను కాదన్నవాళ్లలోనే ఉన్నాను. షుగరో బీపీయో ఉంటే డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. విడిచేటప్పుడు ఒకేసారి పొట్టనిండా తినొద్దు, నేను తిని రాత్రంతా బాధపడ్డాను. మెడలో వేసుకునే పేరు ఎవరిదో ముందే అడిగి తీసుకుని, ఆయన గురించి దొరికినంతా చదువుకుని వెళ్లండి. లతీఫ్ కేసు సంగతి నేను పూర్తిగా చదివింది ఆ పిల్లాడు అడిగిపోయిన రోజు రాత్రి.